పొగ తినే డ్రమ్ము

సింహాద్రి ఫోన్ చేసేసరికి నేను అన్నం ముందు కూచున్నాను. "సిన్నమ్మా, అటక మీద ఏటి దొరికినాదో సెప్పుకో సూద్దాం" అన్నాడు. వాడి గొంతులో పండగ. అటక మాట వినగానే నోట్లో ముద్ద నోట్లోనే ఆగిపోయింది. రంగూను బోటాటౌంగ్‌లో మా పాత ఇంటి అటక మీద ఏముందో వాడికంటే నాకే బాగా తెలుసు. "తాతయ్య బాయిలరు! డ్రమ్ములు కాస్త తుప్పట్టినాయి గానీ గొట్టాలు ఇనుములాగ ఉన్నాయి. రెండు సోట్ల మాటేసి, కొత్త ఫేను పెట్టీసినాను. నీలాకి నీళ్లకి ఇంక ఇబ్బంది నేదు" అన్నాడు. సింహాద్రి మా అప్ప నరసమ్మ కొడుకు. యాభై దాటిన మనిషి, లత పేటలో జనరేటర్లు బాగుచేస్తాడు. నీలా వాడి కూతురు. వారం కిందటే ఆడపిల్లని కన్నది. "ఎక్కడ పెట్టినావురా?" అన్నాను. "ఇంకెక్కడ? ఎనకాల వసారాలో, తాతయ్య పెట్టిన కాడే. పురిటి గది గోడకి పాత కన్నం అలగే ఉన్నాది, సున్నం రాల్చితే బయటపడ్డాది." నేను చెయ్యి కడిగేసుకున్నాను. ఆ డ్రమ్ము ఒకప్పుడు వాడి ప్రాణం మీదికి తెచ్చిందని వాడికి తెలియదు. ఆ సంగతి తెలిసినవాళ్లలో నేనొక్కదాన్నే మిగిలాను.

నాకు ఒకచోట కూచునే యోగం లేదు. ఊరి చివర లైంగ్‌థార్యార్‌లో చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో లైన్ సూపర్‌వైజరుగా ముప్ఫై ఏళ్లు మిషన్ల మధ్య నడుస్తూనే గడిపాను. రిటైరయ్యాక కూడా కాలు కాలిన పిల్లిలా తిరుగుతూనే ఉన్నాను. ఫ్యాక్టరీ పిల్లలు నాకో పేరు పెట్టారు, స్విచ్చి డో అని. డో అంటే బర్మాలో పెద్దావిడ. ఎందుకంటే కరెంటు పోగానే అందరూ ఉస్సురని కూలబడితే, నేను మాత్రం లేచి హాలంతా తిరిగి ఒక్కొక్క స్విచ్చీ కిందికి దించి వచ్చేదాన్ని. ఎవరింటికి చుట్టపుచూపుగా వెళ్లినా అంతే. వాళ్ల ఫేను, వాళ్ల ఇస్త్రీపెట్టె, వాళ్ల నీళ్ల మోటారు, నాకెందుకు? అయినా లేస్తాను. జనం నవ్వుతారు. నవ్వితే నవ్వనీ అనుకుంటాను గానీ ఎందుకు లేస్తానో ఇన్నేళ్లలో ఒక్కరికీ చెప్పలేదు. ఇదంతా ఫ్యాక్టరీ పాత షీట్ల వెనక పక్క రాస్తున్నాను. ఈ నాలుగు ముక్కలు రాసేలోపు రెండుసార్లు లేచి వంటగదిలోకి వెళ్లొచ్చాను.

ఆ రోజుల్లో మా ఇల్లు రేవుకి నాలుగు వీధుల అవతల, ముందు పక్క ఇటుక, వెనక పక్క చెక్క. వానాకాలం వచ్చిందంటే ఇల్లంతా తడి. గోడల మీద బూజు, చాప కింద చెమ్మ, ఉప్పుడబ్బాలో ఉప్పు నీళ్లయిపోయేది. బట్టలు మూడు రోజులు ఆరవేసినా ముక్కవాసనే. మా మామ్మ, అంటే మా అయ్యని కన్నతల్లి, ఆ తడి మీద యుద్ధం చేసేది. తెల్లారి లేచి కుంపటి రాజేసి, దాని మీద సాంబ్రాణి వేసి, గది గదికీ తిప్పేది. రేవు కూలీగా వచ్చిన మొగుడి వెంట శ్రీకాకుళం పక్క పల్లె నుంచి ఓడ దిగిన మనిషి. రంగూను వాన తన ఒక్కర్తె మీదే పగబట్టిందని ఆవిడ నమ్మకం. ఆ నమ్మకానికి కారణం కూడా ఉంది. మా అమ్మ నన్ను కని, ఏడో రోజున ఆ వెనక గదిలోనే పోయింది. మామ్మ లెక్కలో అమ్మని చంపింది జ్వరం కాదు, చలి. ముసురు పట్టి బొగ్గులు తడిసి, కుంపటి ఆరిపోయి, ఎవరూ చూసుకోలేదట. కోపం వచ్చినప్పుడు మాత్రం చలిని వదిలేసి నన్ను పట్టుకునేది. "తల్లిని మింగిన గుంటా! కాలు నిలవదేటే నీకు?" అనేది. మళ్లీ సాయంత్రానికి ఆవిడే నా తలకి నూనె పెట్టేది. నన్ను పెంచింది మాత్రం మా అప్పే. అమ్మ పోయేటప్పటికి దానికి ఏడేళ్లు.

మా అయ్య రేవు వర్క్‌షాపులో ఫిట్టరు. చేతులు ఊరికే ఉంచుకోలేని మనిషి. ఆ జబ్బు నాకు ఆయన దగ్గర్నుంచే వచ్చింది. ఇంట్లో తాళం, గడియారం, కుట్టుమిషను, అన్నీ ఓసారి విప్పి బిగించినవే. ఏదో పని మీద డెల్టా వైపు బియ్యం మిల్లులకి వెళ్లి, అక్కడ ఊక నుంచి గ్యాసు తీసి ఇంజను నడపడం చూసి వచ్చాడు. వచ్చిన రోజు నుంచీ మనిషి మనిషిలా లేడు. అన్నం తింటూ గిన్నె మీద గిన్నె బోర్లించి చూసేవాడు. చివరికి ఓ ఆదివారం రెండు నూనె డ్రమ్ములు దొర్లించుకుంటూ ఇంటికి తెచ్చాడు. పెద్దదాంట్లో చిన్నది దించాడు. చిన్నదాంట్లో రేవులో పారేసే పెట్టె చెక్కల ముక్కలు నింపి, మూత బిగించి, కింద నిప్పు అంటించి, కాస్తంటే కాస్త గాలి తగిలేలా చిన్న ఫేను పెట్టాడు. చాలినంత గాలి లేక చెక్క సరిగా మండదు, కుమిలి పొగ కక్కుతుంది. ఆ పొగ బయటికి పోకుండా నిప్పుల్లోంచే దారి పెట్టాడు. నిప్పుల్లోంచి వచ్చేసరికి అది పొగ కాదు, గ్యాసు. గొట్టం చివర అగ్గిపుల్ల పెడితే బుస్సున అంటుకుని నీలంగా మండేది. ఆ మంట మీద మామ్మ ఓడలో తెచ్చుకున్న రాగి బాయిలరు. కట్టెల పొయ్యి మీద గంట పట్టే నీళ్లు, ఇక్కడ అరగంటలో సలసల కాగేవి, గోడకి మసి చుక్క అంటేది కాదు. వీధి వీధంతా చూడటానికి వచ్చింది. పొగ తినే డ్రమ్ము అని పేరు పెట్టారు. మామ్మ మాత్రం మూతి తిప్పింది. "పొగ నేని నిప్పేటి, దెయ్యం పొయ్యి కాకపోతే!" అంది. "నీ కళ్ల నీళ్లు తగ్గుతాయనే కదే కట్టినాను!" అని అయ్య విసుక్కున్నాడు.

అసలు కారణం అది కాదని అందరికీ తెలుసు. పెళ్లయ్యాక కూడా మా ఇంట్లోనే ఉన్న అప్పకి నెలలు నిండుతున్నాయి. పురుడు సరిగ్గా ముసుర్లోకే పడుతోంది. అమ్మ పోయిన గది తప్ప ఇంట్లో వేరే గది లేదు. అయ్య పైకి ఏమీ అనేవాడు కాదు, ఆ గదిలోకి వెళ్లి గోడ మీద అరచెయ్యి ఆనించి చూసి వచ్చేవాడు. బాయిలరుని వసారాలోకి మార్చి, పురిటి గది గోడకి కన్నం పొడిచి, వేడినీళ్లు తిరిగే గొట్టం ఒకటి మంచం కింద నుంచి వెళ్లి తిరిగి వచ్చేట్టు బిగించాడు. గది రాత్రీ పగలూ వెచ్చగా ఉండాలి, కుంపటి ఆరిందన్న మాట ఇంకోసారి రాకూడదు, అదీ ఆయన పంతం. అప్ప కొడుకుని కన్నది. వాడే సింహాద్రి. గొట్టం మీద చెయ్యి వేసి చూసి, మామ్మ కూడా మొదటిసారి మెత్తబడింది. "ఎచ్చగానే ఉన్నాదిరా నాయనా" అంది.

మంత్రసాని డో ఖిన్. మా వీధి మొగలో ఉండే బర్మా ఆవిడ, బుగ్గల మీద ఎప్పుడూ తనక్కా చెక్క అరగదీసిన పూత, చేతిలో నల్ల గొడుగు. నన్ను మా అమ్మ కడుపులోంచి తీసింది కూడా ఆవిడే. మామ్మకీ ఆవిడకీ క్షణం పడేది కాదు గానీ పురిటి గది విషయంలో ఇద్దరిదీ ఒకే మాట. బాలింత వెచ్చగా ఉండాలి, ఒంటికి పసుపు రాయాలి, గాలి సోకకూడదు. కిటికీ మూసి, రెక్కల సందుల్లో పాత లోంజీ లుంగీల గుడ్డలు కుక్కారు. తలుపు కింద గోనెపట్టా. లోపల సాంబ్రాణి. స్నానానికి వావిలాకు నీళ్లు. గోడ కన్నంలో గొట్టం చుట్టూ ఖాళీ ఉందని అయ్యకి తెలుసు. "ఆదివారం సిమెంటు ఎడతాను" అన్నాడు. ఓ ఆదివారం ముసుర్లోనే పోయింది, మళ్లీ ఆదివారానికి మూడు రోజులుంది.

నాకు అప్పటికి పన్నెండేళ్లు. వానలకి బడి లేదు. అయ్య పనికి పోయేటప్పుడు నన్ను డ్రమ్ము ముందు పీట వేసి కూచోబెట్టి, పాఠం అప్పచెప్పించుకునేవాడు.

"కరెంటు పోతే ఏటి సేస్తావు?"

"స్విచ్చి ఆపుతాను."

"ఎందుకు?"

"ఫేను ఆగితే మంట ఆరిపోతాది. కరెంటు వచ్చి ఫేను మల్లీ తిరిగితే మంట నేకుండా ఒట్టి గ్యాసు వచ్చీస్తాది."

"వస్తే?"

"మనిసి సచ్చిపోతాడు."

"మా బంగారు తల్లి" అనేవాడు. అప్పచెప్పడం నాకు బాగానే వచ్చు. కూచోవడమే రాదు.

తొమ్మిదో రోజు. అయ్య పనిలో ఉన్నాడు, మామ్మ వంటింట్లో బాలింత కాయం నూరుతోంది, అప్పా పిల్లాడూ లోపల పడుకున్నారు. మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫేను ఆగింది, నీలం మంట రెండుసార్లు ఎగిరి ఆరిపోయింది. బయట వాన జోరు తగ్గి, పిల్లలు నీళ్లలో వెదురుబంతి తన్నుతున్నారు. ఇంక ఇక్కడ కాపలా కాయడానికేముంది, మంటే లేదు కదా అనుకున్నాను. అంతే, ఒక్క ఉరుకు. స్విచ్చి నా చెవికి మూరెడు దూరంలో ఉంది. చెయ్యి చాపితే అందేది. చాపలేదు. ఎన్నిసార్లు తలుచుకున్నా నా మీద నాకు ఒళ్లు మండిపోయేది అక్కడే.

ఎంతసేపు ఆడానో తెలియదు. ఉన్నట్టుండి వీధంతా "మీ లా బీ!" అని అరిచింది. రంగూనులో పుట్టినవాళ్లకి ఆ అరుపు చెప్పనక్కర్లేదు. కరెంటు వచ్చిందంటే ఇంటింటి నుంచీ పిల్లా పెద్దా ఒక్క గొంతుతో అరుస్తారు. నేనూ అరిచాను. రెండు చేతులూ పైకెత్తి, ఎగిరి మరీ అరిచాను. అరిచి మళ్లీ బంతి తన్నాను. ఆట సగంలో డో ఖిన్ గొడుగేసుకుని మా ఇంట్లోకి వెళ్లడం చూశాను, పిల్లాడికి నీళ్లు పొయ్యడానికి వచ్చే వేళ అది. అప్పుడు గుర్తొచ్చింది.

నేను వసారాలోకి వచ్చేసరికి ఫేను గిర్రున తిరుగుతోంది. గొట్టం చివర మంట లేదు, ఒట్టి గ్యాసు గోడ కన్నంలోంచి గదిలోకి పోతోంది. స్విచ్చి ఆపేశాను. లోపల కిటికీ రెక్క ఫెళ్లున విరిగిన చప్పుడు. డో ఖిన్ పిల్లాణ్ని చంకన వేసుకుని, రెండో చేత్తో అప్పని జబ్బ పట్టి ఈడ్చుకుంటూ, పెరట్లో వానలోకి తీసుకొచ్చింది. అప్ప తల వేలాడిపోతోంది, "తల పగిలిపోతన్నాదే... తల..." అని ముద్ద ముద్దగా అంటోంది. పిల్లాడు అసలు కదలడం లేదు. ఆవిడ వాణ్ని బోర్లా తిప్పి, వీపు రాచి, నోట్లో నోరు పెట్టి ఊదింది. వాన వాడి ముఖం మీద పడుతోంది. ఎంతసేపో! అప్పుడు వాడు ఏడ్చాడు. ఆ ఏడుపు లాంటి మంచి చప్పుడు నేను మళ్లీ ఎప్పుడూ వినలేదు.

సరిగ్గా అప్పుడే మామ్మ వంటింట్లోంచి వచ్చింది. ఆవిడకి కనిపించిందల్లా ఒకటే. తొమ్మిదో రోజు బాలింత, తొమ్మిదో రోజు బిడ్డ, నడివానలో; విరిగిన కిటికీ; మధ్యలో డో ఖిన్. "ఓలమ్మోలమ్మా! నీ సేతులిరిగిపోనూ! సంపీసినావే నా గుంటణ్ణి! గాలి సోకించీసినావే!" అని గుండెలు బాదుకుంది. డో ఖిన్ బర్మాలో "గదిలో గాలి చెడిపోయింది, ఇంకాస్త ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవారు కారు" అంటూనే ఉంది, ఎవరు వింటారు? ఎవరో పరిగెత్తి కబురు చెప్తే అయ్య తడుస్తూ వచ్చాడు. వచ్చి, ముందు పిల్లాణ్ని చూసి, తర్వాత డ్రమ్ము దగ్గరికి వెళ్లి, నా వైపు తిరిగాడు. "పైడీ. నిజం సెప్పు. మంట ఉన్నాదా, ఆరినాదా?"

"ఉన్నాది అయ్యా. మండతన్నాది. మామ్మ అరుపులు ఇని నానే ఆపినాను" అన్నాను.

డో ఖిన్ నా పక్కనే ఉంది. నా తడిసిన జుట్టు చూసింది, నా కాళ్ల బురద చూసింది, స్విచ్చి వైపు చూసింది. ఆవిడ లోపలికి వచ్చినప్పుడు ఫేను తిరుగుతూనే ఉంది, చూడకుండా ఎలా ఉంటుంది? ఇప్పుడు చెప్పేస్తుంది, ఇప్పుడు చెప్పేస్తుంది అనుకున్నాను. ఆవిడ గొడుగు తీసుకుని వెళ్లిపోయింది. మళ్లీ మా గడప తొక్కలేదు, మేమూ తొక్కనివ్వలేదు.

అయ్య డ్రమ్ము ముందు గొంతుక్కూచుని, తనలో తను అన్నట్టు, "అయితే మంట ఉన్నా సంపుతాదన్నమాట" అన్నాడు. ఆ మాట మామ్మ చెవికెక్కలేదు, ఆవిడ లెక్కలో తప్పు డో ఖిన్‌దే, ఇంట్లో మిగిలింది ఆ లెక్కే. ఆ సాయంత్రమే అన్నీ విప్పేశాడు. కన్నం సున్నంతో పూడ్చేశాడు, డ్రమ్ములు అటకెక్కించాడు. అంతటితో ఆగితే బాగుండేది. ఆ తర్వాత ఆయన ఇంట్లో ఒక్క మేకు కూడా కొట్టలేదు. గడియారం ఆగితే బజారుకి పంపేవాడు. ఇంటికొచ్చి, చేతులు ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూచునేవాడు. ఆ చేతులు చూడలేక నేను వీధిలోకి పారిపోయేదాన్ని. చెప్పేద్దామని రోజూ అనుకునేదాన్ని. ముందు మామ్మకి భయపడి, తర్వాత అయ్యకి భయపడి, ఆ తర్వాత ఇంత ఆలస్యమైందే అని సిగ్గుపడి, అలా అలా ఆయన పోయేదాకా చెప్పలేదు. అప్ప పోయేదాకా కూడా చెప్పలేదు. పెళ్లీ పిల్లలూ అన్న మాటెత్తితే ఏదో వంక పెట్టి తప్పించుకున్నాను. నాకు పురిటి గదంటే భయం. ఇక్కడ లేచి కాసేపు నడిచాను.

సింహాద్రి పెరిగాడు. ఏటా వాడు పుట్టిన రోజున మామ్మ వాడికి గాలి తీయించి, ఎర్రనీళ్లు దిగదుడిచి వీధి మొగలో, సరిగ్గా డో ఖిన్ ఇంటి ఎదురుగా పారబోసేది. ఆ ఇంటి ముందు నుంచి వెళ్తే మూడుసార్లు ఉమ్మి వెళ్లాలని వాడికి నేర్పింది. మగపిల్లాడు, ఉమ్ముతో ఆగుతాడా? రాళ్లు వేసేవాడు. ఆవిడ తలుపు తీసుకుని బయటికి వచ్చి, వాణ్ని తేరిపార చూసి, తాటిబెల్లం ముక్క చాపేది. వాడు తీసుకోకుండా పరిగెత్తేవాడు. నేను గుమ్మంలో నించుని చూస్తూ ఉండేదాన్ని. ఫ్యాక్టరీలో నా మొదటి రోజున ఆవిడ బస్టాపు దగ్గర కనబడింది. చుట్టుపక్కల ఎవరూ లేరు. "ఎందుకు చెప్పలేదు?" అని అడిగేశాను. ఆవిడ నా ముఖం చూడకుండా, గొడుగు మడుస్తూ, "తల్లిని మింగిందని నిన్ను అప్పటికే అంటున్నారు. ఇంకొకటి ఎందుకు మొయ్యాలి అనుకున్నాను" అంది. బస్సు వచ్చింది, ఎక్కేశాను. ఆవిడ చేతులు పట్టుకుని ఒక్క మాటన్నా అని ఎక్కి ఉండొచ్చు. ఎక్కేశాను, అంతే.

సింహాద్రి ఫోన్ వచ్చిన పూట నేను రెండు బస్సులు మారి బోటాటౌంగ్ చేరేసరికి మూడయింది. వసారాలో నీలం మంట మండుతోంది. ఇన్నేళ్ల తర్వాత అదే మంట. "ఎలగున్నాది సిన్నమ్మా? బొగ్గు నేదు, గ్యాసుబండకి క్యూ నేదు. తాతయ్య జీనియస్ కాదేటి?" అని సింహాద్రి మురిసిపోతున్నాడు. "పెరట్లోకి తియ్యరా దీన్ని. గోడకి ఇంత దగ్గర ఎందుకు?" అన్నాను. "వాన పడతాది కదే. నీ స్విచ్చి గోల నాకు తెలుసు గానీ, ముందు పిల్లని సూద్దువు గానీ రా" అని నవ్వాడు. గది తలుపు కింద గోనెపట్టా. కిటికీ సందుల్లో గుడ్డలు. మా ఇంట్లో పురిటి గది కిటికీ తెరవకూడదన్నది ఇప్పుడు అమ్మమ్మల కాలం నాటి ఆచారం కాదు, శాసనం. సింహాద్రికి జరిగినదాని తర్వాత మామ్మ పెట్టింది, అప్ప పాటించింది, ఇప్పుడు నీలా తల్లి పాటిస్తోంది. నా అబద్ధమే ఆ కిటికీకి గొళ్లెం.

"మామ్మా, హోల్డ్ చెయ్, చాలా లైట్‌గా ఉంది కదా!" అని నీలా నా ఒళ్లో పిల్లని పెట్టింది. పిల్ల నిద్రలో పెదవులు చప్పరించింది. ఇంతలో కరెంటు పోయింది. గోడ అవతల ఫేను ఆగింది. స్విచ్చి డో లేవాలి కదా? లేవలేదు. ఒళ్లో పిల్ల ఉంది, వెచ్చగా, చిట్టి గుప్పిటతో నా వేలు పట్టుకుని ఉంది. సింహాద్రి ఆపే ఉంటాడులే అనుకున్నాను. నన్నెవరైనా నమ్ముతారా? అంత జరిగినదాన్ని, అంత కాలం మోసినదాన్ని, లేవలేదు.

"మీ లా బీ!"

వీధి మొత్తం అరిచింది. గోడ కన్నంలోంచి ఫేను హోరు వినబడింది. పిల్లని నీలా ఒళ్లో పడేసినంత పని చేసి, మోకాళ్ల నొప్పి సంగతి మరిచిపోయి ఉరికాను. మంట లేదు. ఫేను తిరుగుతోంది. సింహాద్రి వీధి గుమ్మంలో ఎవరితోనో మాట్లాడుతున్నాడు. స్విచ్చి ఎక్కడుందో వెతకలేదు, వైరు పట్టుకుని గుంజి ప్లగ్గు పీకేశాను. వెనక్కి వచ్చి, కిటికీ సందుల్లో గుడ్డలన్నీ లాగి పారేసి, రెక్కలు రెండూ బార్లా తెరిచాను. వానగాలి లోపలికి కొట్టింది. "ఏటి సిన్నమ్మా, పిచ్చెక్కినాదేటి! పసిగుంటకి గాలి కొడతన్నాది!" అని సింహాద్రి పరిగెత్తుకొచ్చాడు.

అప్పుడు చెప్పాను. ప్లగ్గు చేతిలోనే ఉంది. అది పట్టుకునే, నిలబడే, మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. వెదురుబంతి, నా అరుపు, ఆరిన మంట, అయ్య అడిగిన మాట, నేను చెప్పిన మాట, డో ఖిన్ నా జుట్టు వైపు చూసిన చూపు. నీలా ఏడుస్తోంది. సింహాద్రి గోడకి ఆనుకుని వింటున్నాడు. నన్ను తిడతాడనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను. వాడు తన కుడిచెయ్యి తిప్పి చూసుకున్నాడు. "నాను రాళ్లేసినాను సిన్నమ్మా" అన్నాడు. "ఓసారి నుదురు మీద తగిలినాది. రగతం వచ్చినాది. అయినా బెల్లం సాపినాది. నువ్వు గుమ్మంలోనే ఉన్నావు. సూసినావు. సూసి కూడా..." గొడుగైనా లేకుండా వీధిలోకి వెళ్లిపోయాడు. డో ఖిన్ పోయి ఎన్నో ఏళ్లయింది. ఆవిడ ఇల్లు ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం. వాడు ఆ దుకాణం ముందే వానలో నిలబడ్డాడని తర్వాత నీలా చెప్పింది.

పది రోజులు వాడు నాకు ఫోన్ చెయ్యలేదు. నేను చేస్తే ఎత్తలేదు. ఆ పది రోజులూ నేను ఇంట్లో ఎన్ని వందలసార్లు లేచి కూచున్నానో చెప్పలేను. వంట చేసి తినకుండా పారేశాను. పదకొండో రోజున నీలా ఫోన్ చేసింది. "మామ్మా, నాన్న రమ్మంటున్నాడు. రేపు పేరు పెడతాం" అంది.

వెళ్లాను. వసారా ఖాళీగా ఉంది. కన్నానికి పచ్చి సిమెంటు. పురిటి గది కిటికీ తెరిచి ఉంది, దోమలు రాకుండా వల కట్టారు. డ్రమ్ము పెరటి చివర, నాలుగు పక్కలా గాలాడేట్టు, పైన రేకు మాత్రం వేసి పెట్టాడు. ఫేను లేదు. దాని చోట కమ్మరి కొలిమికి ఉండే చేతిచక్రం బిగించాడు, కూచుని తిప్పితేనే గాలి. మనిషి లేస్తే ఆగిపోతుంది. సింహాద్రి నా వైపు చూడకుండా చెక్కముక్కలు నింపుతున్నాడు. ఆఖరి ముక్క వేసి, "డో ఖిన్ పూర్తి పేరేటి?" అన్నాడు. "పిల్లకి పెడదామని."

నాకు తెలియదు. నన్నూ, వాణ్నీ ఇద్దర్నీ భూమ్మీద పడేసిన మనిషి పూర్తి పేరు మా ఇంట్లో ఎవరికీ తెలియదు, ఎప్పుడూ అడగలేదు. "మాకు డో ఖినేరా. అంతే తెలుసు" అన్నాను.

వాడు తల ఊపాడు. మూత బిగించి, అగ్గిపుల్ల గీసి గొట్టం దగ్గర పెట్టాడు. నీలం మంట లేచింది. మూలనున్న పీట కాలితో నా వైపు తోశాడు. "కూకో సిన్నమ్మా" అన్నాడు. "ఖిన్ గుంటకి నీళ్లు కాగాలి. కాగేవరకూ లేవకు."

కూచున్నాను. చక్రం తిప్పుతున్నాను. మంట ఓసారి వణికి మళ్లీ నిలబడింది. కాసేపటికి వీధంతా "మీ లా బీ!" అని అరిచింది. నేను లేవలేదు.